గంజి తాగిన జర్మనీ కారు

మొన్న జగిత్యాలలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన మెకానిక్ షెడ్డులో ఒక పాత జర్మనీ కారు బానెట్ తెరుచుకుని కనిపించింది. దాని ఓనరు స్టూలు మీద, ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాడిలా దిగాలుగా ఉన్నాడు. పాపం, నాకు నవ్వాగలేదు. ఆ వెంటనే మా మేనమామ గుర్తొచ్చాడు.

మామకు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచి, పెళ్లి చేసింది ఆయనే. ఉన్నట్టుండి ఒకసారి హైదరాబాద్ పోయి, ఎవరో డాక్టరు వాడి వదిలించుకున్న జర్మనీ కారు కొనుక్కొచ్చాడు. దానికి అన్నీ నఖరాలే. కిటికీ అద్దం దిగిందంటే మళ్లీ పైకి రాదు. స్టీరింగు ముందు వెలిగే పసుపు దీపం ఎందుకు వెలుగుతోందో ఎవరికీ తెలియదు, ఆర్పడం అసలే తెలియదు. గేరు మారినప్పుడల్లా కారు ఒక్క గుంజు గుంజేది. ఏ చిన్న సామాను కావాలన్నా హైదరాబాద్ నుంచే రావాలి. వీటన్నిటినీ మించి రేడియేటర్ కారేది. మనం ఒక్క మాట అంటే మాత్రం మామ ఊరుకునేవాడు కాదు. "మగ్గమసొంటిదే బిడ్డా ఇంజను. మంచిగ అర్సుకోవాలె" అనేవాడు.

నాకప్పుడు తొలిచూలు. మా ఆయన దుబాయిలో, నేను కోరుట్లలో అత్తగారింట్లో. తొమ్మిదో నెల పడగానే కాన్పుకు తీసుకుపోతానని మామ వచ్చాడు, తన కార్లోనే. అంతకుముందు పండక్కి వచ్చినప్పుడు అది మా వాకిట్లో మొరాయిస్తే వీధంతా కలిసి నెట్టింది. మా అత్తమ్మ దాన్ని మరిచిపోలేదు. "తొవ్వల ఆగిందనుకో అన్నా, పిల్లను మల్ల కోరుట్లకే తోల్కస్త. కాన్పు గీడ్నే" అని తేల్చేసింది. అమ్మ లేనిదాన్ని, నాకున్న పుట్టిల్లు మామ ఇల్లొక్కటే. తొలి కాన్పుకు కూడా అక్కడికి పోకపోతే ఇక నాకు పుట్టిల్లు ఉన్నా లేనట్టేననిపించింది.

కథలాపూర్ దాకా కారు బుద్ధిగా నడిచింది. మామ మురిసిపోయి గుట్టు విప్పాడు. "రేడియేటర్ల చిక్కటి గంజి వోసిన. మగ్గం మీద పడుగు దారాలకు గంజి వెడితె పోగు తెగుతదా? గిది గంతే. సుక్క కారుతలేదు సూడు."

నిజంగానే కారలేదు. రుద్రంగి దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. దాంతోపాటు అన్నం ఉడికే వాసన కూడా. గంజి లోపల ముద్దకట్టి నీళ్లు తిరిగే దారులన్నీ మూసేసింది. మామ కారు ఆపి, రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. అంతలోనే అత్తమ్మ ఫోను. ఆయనకు అబద్ధం చేతకాదు. "ఆగింది చెల్లె" అన్నాడు. అవతల ఫోను పెట్టేసింది.

కోరుట్ల నుంచి ఆటో వచ్చేదాకా ఆయన కండువాతో నాకు విసురుతూనే ఉన్నాడు. అత్తమ్మ ఆటో దిగి నన్ను ఎగాదిగా చూసింది, నీళ్లు తాగించింది, నా సంచి ఆటోలో పెట్టించింది. అన్న మాట మీద నిలబడే మనిషి ఆమె. నాకు ఏడుపు ఆగలేదు. మామ తలెత్తకుండానే, "నా తప్పే చెల్లె. తోల్కపో" అన్నాడు.

"తోల్కపోకుంటె తొవ్వల ఇడ్సిపెడ్తనా?" అని అత్తమ్మ నన్ను పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చుని, ఆటో అబ్బాయితో అంది: "సిరిసిల్లకు పోనీ బాబూ. గుంతలల్ల మెల్లగ. అన్నా, నువ్వు ముంగట కూసో, మాకు నీ ఇల్లు జూపెట్టాలె గద."

కన్నతల్లి తోడు లేని నన్ను ఆ రోజు పుట్టింటికి దిగబెట్టింది అత్తగారే. ఆ తర్వాత ఎన్ని కార్లెక్కానో, ఎన్ని ఊళ్లు తిరిగానో, కాలం వాటిని దాదాపు చెరిపేసింది. రుద్రంగి దాటాక ఆగిపోయిన ఆ కాసేపటిని మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా దగ్గరికి తెచ్చిపెడుతోంది.