తలకిందులుగా నిలిచిన కట్టె

పోయిన నెలలో మా చిన్నమ్మాయి నాందేడులో కొత్త ఫ్లాటులోకి చేరుతుంటే సాయంగా నేనూ వెళ్ళాను. ఇద్దరు పనివాళ్ళు అట్టలు చుట్టిన తలుపునూ దాని చట్రాన్నీ లిఫ్టులో తెచ్చి, మరతో బెజ్జాలు వేసి, నేనిచ్చిన టీ చల్లారకముందే బిగించేశారు. దీనికి మొదలేది, కొన ఏది నాయనా అని మరాఠీలో అడిగాను. ఇది రంపపు పొట్టు ఒత్తి చేసింది ఆజీ, దీనికి కిందా మీదా ఉండవు అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, అంతలోనే ఒక వాకిట్లో తల వంచుకుని నిలబడ్డ మా బాపు గుర్తొచ్చి, గ్లాసులు కడిగే మిషతో వంటింట్లోకి పోయాను.

బాపు అంటే మా నాన్న, వడ్రంగి. తాత కాలంలో నిజామాబాదు వైపు నుంచి వచ్చి నాందేడు పాత ఊళ్ళో నిలదొక్కుకున్న కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కట్టెల అడితిలో బేరానికి మాత్రం దక్కనీ హిందీ. నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల మొదట్లో, ఊళ్ళో మనవాళ్ళెవరు ఇల్లు కట్టుకున్నా దర్వాజ, అంటే వాకిలి చట్రం, ఆయన చేతిదే కావాలనేవాళ్ళు. పొద్దున్నే అమ్మకు జొన్నరొట్టెలతోనే తీరిక ఉండేది కాదు గనక మా ఆడపిల్లల జడలు బాపే వేసేవాడు, పాపిట దారం కొట్టినట్టు తిన్నగా వచ్చేది. రొట్టె ఒక పక్క వంకర పోతే దీన్ని కాస్త చిత్రిక పట్టనా అని అమ్మను ఏడిపించేవాడు, ఆమె అట్లకాడ ఎత్తి చూపించేది. ఏటా ఒకసారి మమ్మల్నందర్నీ బస్సెక్కించి మాహూరు తీసుకుపోయి, అమ్మవారి మెట్ల మీద అలిసిపోయిన వాళ్ళను వంతులవారీగా భుజాన ఎక్కించుకునేవాడు. మంచి షోకైన మనిషి, తెల్ల చొక్కా తప్ప తొడగడు, మీసానికి నూనె రాయనిదే గడప దాటడు. ఆ షోకే ఆయన కొంప ముంచింది.

చూపు తగ్గుతోందని ఆయనకు ముందే తెలుసు. సూదిలో దారం ఎక్కించమని అమ్మ అడిగితే పనున్నట్టు లేచిపోయేవాడు. అద్దాలు పెట్టుకోమంటే, కండ్లు పోయిన వడ్లోనికి దర్వాజ ఎవరిస్తారని కసిరేవాడు. అందులో అబద్ధమూ లేదు, ఆ రోజుల్లో జనం అట్లాగే అనుకునేవాళ్ళు.

మా వాళ్ళ పనిలో ఒక కట్టుబాటుంది. అడవిలో చెట్టు ఎట్లా నిలబడిందో దర్వాజలోనూ కట్టె అట్లాగే నిలబడాలి. వేరు వైపు కిందికి, కొన వైపు పైకి. తిరగబడితే ఆ ఇల్లు కూడా తిరగబడుతుందంటారు. అందుకే కిన్వట్ నుంచి టేకు దుంగ వచ్చి కోతకు పోగానే మొదలు వైపు ఎర్రమట్టి జాజుతో గీత పెట్టుకుంటారు. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు కోసిన కట్టెలు వానలో తడిసి గీతలు చెరిగిపోయాయి. అయితే మాత్రమేం, కట్టెలోని చారలు కొన వైపుకే మొన తేలి ఉంటాయి, చూడగలిగితే చాలు. ఎవరినైనా చూడమని అడగడానికి బాపుకు నామోషీ అనిపించింది.

ఆ దర్వాజ కిరాణా సావుకారు కొత్త ఇంటిది. వాళ్ళూ తెలుగువాళ్ళే, వాళ్ళ పిల్ల నాతో ఒకే బెంచీలో కూర్చునేది. దర్వాజ నిలబెట్టేనాడు బంధువులూ ఇరుగుపొరుగూ వాకిలి నిండా చేరారు. సావుకారు తల్లి బాపు భుజం మీద కొత్త పంచె కప్పింది, ముత్తైదువలు తడి పసుపు తెచ్చి రెండు నిలువు కట్టెలకూ కిందినుంచి పైదాకా పూశారు. తడి తగలగానే పొడి కట్టెలో దాగున్న చారలన్నీ తేలాయి. ఎడమ దిక్కువి పైకి చూస్తున్నాయి, కుడి దిక్కువి నేలకు చూస్తున్నాయి. ఎండ కూడా నేరుగా దాని మీదే పడింది. బాపు కనిపెట్టాడు, నోరు మాత్రం తెరవలేదు. అందరూ ఆయన పనితనాన్ని మెచ్చుకుంటుంటే ఆ పంచెతో అట్లాగే నిలబడి దండాలు పెట్టాడు. ఆ రోజు పాయసం ముట్టకపోతే అలిసిపోయాడనుకున్నాం.

మళ్ళీ వానాకాలంలో సావుకారు చిన్నకొడుకు జ్వరంతో పోయాడు. నా కన్నా చిన్నవాడు. ఆ గల్లీలో చాలా ఇళ్ళల్లో అదే జ్వరం, బావినీళ్ళ వల్లే వచ్చిందని దవాఖానలో చెప్పారు కూడా. అది బాపుకు తెలియక కాదు. పదోనాడు పరామర్శకు మమ్మల్నీ వెంట తీసుకుపోయి, అందరూ వాకిట్లో కూర్చుని ఉండగా లేచి నిలబడ్డాడు.

“తప్పు నాది సావుకారూ. కుడి దిక్కు కట్టె తలకిందులు నిలవెట్టిన. గా దినమే ఎర్కైంది, సిగ్గుకు చెప్పలే. పీకి కొత్తది పెట్టనియ్యుండ్రి.”

సావుకారు తలెత్తలేదు. బెంచీలో నా పక్కన కూర్చునే పిల్ల నా వైపు చూసి మొహం తిప్పుకుంది. నేల చీలి మింగేస్తే బాగుండనిపించింది నాకు. చివరికి లోపలి నుంచి సావుకారు తల్లి గొంతు వినిపించింది.

“మా పిల్లగాడు బడికి పోయెటప్పుడు గా కట్టె వట్టుకునే చెప్పులు తొడుక్కునెటోడు. దానికి చెయ్యి పెట్టకు. గట్లనే ఉండనియ్యి.”

ఆమె తిట్టి ఉంటే ఆయన భరించేవాడేమో. తప్పు ఒప్పుకున్నాడే గానీ, దాన్ని దిద్దే హక్కు ఆయనకు మిగల్లేదు.

“ఎవలడిగిండ్రని చెప్పినవ్?” అని ఇంటికొచ్చాక అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమె భయపడ్డట్టే అయింది. నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెను చూసి మాట మార్చేవాళ్ళు. బడిలో మేము ఉల్టా దర్వాజోల్ల పిల్లలమైపోయాం. ఇంటిపేరు పోయి అదే మిగిలింది. బాపు అద్దాలు తెచ్చుకున్నాడు, తెల్లచొక్కా మానేశాడు. మంచాలు చేశాడు, పీటలు చేశాడు, కుండల్‌వాడి సంతకు నాగళ్ళు చేసి పంపాడు. తర్వాత కొన్నేళ్ళకు జనం మరిచిపోయి దర్వాజకు పిలిచినా పోలేదు. చుట్టు తిరిగి పోవచ్చు కదా అని అమ్మ ఎంత పోరినా, పనికి మాత్రం రోజూ ఆ సావుకారు ఇంటి ముందునుంచే తల దించుకుని పోయేవాడు. నేను చుట్టు తిరిగే పోయేదాన్ని.

ఎనభైలలో నా పెళ్ళైంది, అత్తగారిది కుండల్‌వాడే. అప్పటికి బాపుకు అద్దాలు కూడా సరిపోయేవి కావు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా గడప బయట సంచీ దించి, మా దర్వాజ కట్టెను కిందినుంచి పైకి మెల్లగా తడిమేవాడు, ముందు ఒక దిక్కు, తర్వాత ఇంకో దిక్కు. ఆ దర్వాజ ఆయన చేసింది కాదు, ఎవరో బిలోలీ వడ్రంగి చేసింది. ముసలాయనకు ఇదేం పిచ్చి అని మా అత్తగారు లోపలినుంచి తొంగిచూసేది, సిగ్గుతో నా మొహం ఎర్రబడేది, రా బాపూ అని మాత్రం పిలిచేదాన్ని కాదు.

ఇప్పుడు మా ఇళ్ళకు వచ్చేవాళ్ళు గంట నొక్కి, తలుపు తీయగానే లోపలికొస్తారు, దాన్ని ఎవరు చేశారో ఎవరికీ పట్టదు, చేసినవాడికీ పట్టదు. ఇదే హాయి అని నాకు నేను చెప్పుకుంటాను. మా బాపు మాత్రం బిడ్డ ఇంట్లో అడుగు పెట్టే ముందు, ఈ ఇల్లైనా సరిగ్గా నిలబడిందా అని చేత్తో తెలుసుకుని, రెండు కట్టెలూ సరిగ్గానే ఉన్నాయని నమ్మకం కుదిరాకే, చెప్పులు విడిచి, నా మొహం చూసేవాడు.