జర్మనీ పిల్ల, మా ఇంటి పాత ఆచారం

పోయిన వారం ఇక్కడ కన్నడ రాజధానిలో, నగర్తపేటలో ఒక స్నేహితుడి మనవడికి నామకరణం. భోజనాల వేళ, అనంతపురం నుంచి ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు మా అందరికీ వడ్డించబోతే, ఇంటి పెద్దామె చెల్లెలు ఆ పిల్లను ఆపింది. "నిలువమ్మా. ముందర మా అక్క కూచోవల్ల. ఇంటికి కొత్తవాళ్లు వస్తే, ఇంట్లో పెద్ద ఆడమనిషి వాళ్ల పక్కన కూచుని ముద్ద ఎత్తినాకే ఎవరైనా తినేది. రెండు వందల ఏండ్ల నుంచి మా పేటల్లో ఈ పద్ధతి ఉండాది" అంది. పక్కన కూర్చున్న పెద్దాయనకు రెండు వందలు చాలలేదు. ఈ ఊరి కోట కట్టిన నాటి నుంచే ఉందని సవరించాడు. నేను తల వంచుకుని ఆకులో ఉప్పు వెతుక్కున్నాను, నవ్వు కనబడకుండా. ఎందుకంటే ఆ ఆచారం పుట్టింది బళేపేటలో మా మేడమెట్ల మీద. పుట్టించింది నేను. దానికి ఇంకా పదేళ్లు కూడా నిండలేదు.

మాది గాజుల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. గాజులు తొడిగేవాడికి కబుర్లు రాకపోతే ఆ వ్యాపారం సాగదు. బిగువు గాజు వేళ్ల కణుపులు దాటేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ క్షణంలో తొడిగించుకునే ఆమె మనసు చేతి మీద ఉండకూడదు, ఇంకెక్కడో ఉండాలి. అందుకని మా నాయన కథలు చెప్పేవాడు, ఆయన పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. పరదా వెనక రాణిగారు నవ్వితే ఆ నవ్వు విని మా తాత ఆమె మణికట్టు కొలత చెప్పాడని చెబుతాను. మా సందులో రెండు పెండ్లి ఊరేగింపులు ఎదురెదురుగా ఇరుక్కుని పెండ్లికొడుకులు తారుమారైతే, మొదటి బిడ్డ పుట్టేదాకా ఎవరూ గమనించలేదనీ చెబుతాను. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నవ్వుతారు. ఈలోగా గాజు ఎక్కిపోతుంది.

ఇక జర్మనీ పిల్ల సంగతి. మా అన్న కూతురు అప్పుడు పీయూసీ, అదే ఇంటరు, చదువుతోంది. వాళ్ల కాలేజీకి సంబంధించిన ఒక సంఘం, విదేశాల పిల్లలను ఇక్కడి ఇళ్లలో కొన్ని నెలలు ఉంచి, ఇక్కడి పిల్లలను అక్కడి ఇళ్లకు పంపేది. పాపకు పోవాలని ఒకటే ఆశ. మా అన్నకు భయం. వదిన ఏమనుకుందో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అంగడి తాళాలు అన్న దగ్గర ఉంటాయి, తీర్మానాలు అమ్మ దగ్గర. అమ్మ బాగా ఆలోచించి చెప్పింది. "ముందర ఆ బిడ్డను రానీండప్పా. ఇల్లు విడిసి వచ్చిన బిడ్డ ఎట్లుంటాదో నా కండ్లతో చూస్తా. అది బాగుంటే మన పాప పోతాది. అది చిక్కిపోయిందా, మన పాప యాడికీ పోదు." అంటే మా పాప ప్రయాణమంతా, ఇంకా ముఖమైనా చూడని ఒక పిల్ల బుగ్గల మీద ఆధారపడింది.

ఆ పిల్ల చలికాలంలో, చిక్కుడులాంటి అనపకాయలు కాసే వేళ దిగింది. మా మేడ తలుపుకు తల తగలకుండా రోజూ నమస్కారం పెట్టినట్టు వంగి వచ్చేది. ఆతిథ్యమిచ్చే ఇంటి పద్ధతిని ఎన్నడూ తప్పకూడదని సంఘంవాళ్లు నేర్పి పంపారట. చెప్పులు ఎక్కడ విడవాలి, దేవుడి గదిలోకి రావచ్చా, సందులో ఆవును తాకవచ్చా, ప్రతిదీ అడిగి చేసేది. అన్నీ బాగున్నాయి గానీ, తినేది కాదు. రాగిముద్ద, అనపగింజల పితికిన పప్పు సారు, కారం తగ్గించిన కూరలు, పెరుగన్నం, చివరికి బ్రెడ్డూ జామూ. వదిన చేయనిది లేదు. రెండు కబళాలు తిని "చాలు" అనేది. ఆమెకు వచ్చిన మొదటి తెలుగు మాట అదే. బుగ్గలు లోపలికి పోసాగాయి. "చూడండప్పా, ఎట్ల వాడిపోయిందో. ఇంటి మీద బెంగ. రేపు మన బిడ్డకూ అక్కడ ఇదే గతి" అని అమ్మ నిట్టూర్చేది.

ఒక మధ్యాహ్నం పాప అంగట్లోకి దిగి వచ్చింది.

"చిన్నాయనా, ఏమన్నా చెయ్యి. నీకు కథలు వస్తాయి గదా."

"కథలకు కడుపు నిండుతాదా పాపా?"

"దాని కడుపు సంగతి నాకు తెల్ల. అది ఇంకో వారం ఇట్లే ఉంటే అవ్వ నన్ను పంపదు, అది మాత్రం తెలుసు."

ఆ రోజు నేను భోజనం దగ్గర ఊరికే నిలబడి చూశాను. పీట మీద ఆ పిల్ల ఒక్కతే. చుట్టూ నెయ్యి గిన్నెతో అమ్మ, గరిటెతో వదిన, నీళ్ల చెంబుతో పాప, గుమ్మంలో అన్న, పక్కన నేను. ఆమె ముద్ద ఎత్తితే మా అందరి నోళ్లూ కొంచెం తెరుచుకుంటున్నాయి. మనకు అది మర్యాద. ఆ పిల్ల మాత్రం పోలీసుల ముందు కూర్చున్నట్టు కూర్చుంది. తర్వాత మెట్ల మీద కనబడితే, ఎందుకు తినవని అడిగాను. ముందు "చాలు" అని తప్పించుకోబోయింది. మా పద్ధతిని తప్పు పట్టినట్టవుతుందని భయం. చివరికి ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. వాళ్ల ఇంట్లో ఒకరు నిలబడి ఉండగా ఇంకొకరు తినరట. పైగా ఈ ఇంటి పెద్దామె తినడం తాను ఇంతవరకు ఒక్కసారైనా చూడలేదని, ఆమె ఆకలితో నిలబడి ఉందేమోనని అనిపించి ముద్ద గొంతు దిగడం లేదని అంది. ఆలోచిస్తే, మా అమ్మ కూర్చుని తినడం నేను కూడా చూడలేదు. అందరిదీ అయ్యాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలింది తినేదని తెలుసు. తెలియడం వేరు, చూడటం వేరు. నా తలకు రంగు వేసుకునే వయసు వచ్చింది గానీ ఆ ప్రశ్న రాలేదు.

అమ్మతో నేరుగా చెబితే వినదు. "నాకేమప్పా, మీరు తినండి" అంటుంది. అందుకని గొంతు తగ్గించి, గాజుల గంపను నమ్మకంగా చేతికిచ్చినట్టు, ఆ పిల్లకు మా అతి పురాతనమైన ఆచారం చెప్పాను. ఇంటికి కొత్త మనిషి వస్తే, పెద్ద ఆడమనిషి పక్కన కూర్చుని మొదటి ముద్ద ఎత్తాలి. మా పెద్ద ఆడవాళ్లు మొహమాటస్తులు కాబట్టి వాళ్లుగా కూర్చోరు, అతిథే పట్టుబట్టాలి. ఇన్నాళ్లూ ఆ ఆచారాన్ని తప్పుతూ వచ్చానని ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

మరునాడు ఆ పిల్ల పళ్లెం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పక్కనున్న పీట చూపించి "అవ్వా" అంది.

"ఏమంటరా దీనికి?" అంది అమ్మ.

"నువ్వు పక్కన కూచోకుంటే తినదంట" అన్నాను.

"మీ అందరిదీ అయినాక, నేను ఆమీద తింటాలే."

"అట్లయితే అది పస్తుంటాది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "ఇది నీ పనేనా?"

"నాకేం తెలుసమ్మా. జర్మనీ వాళ్ల పద్ధతేమో."

సారు మీద తెట్టు కట్టింది. చివరికి అమ్మ కొంగు దోపుకుంది. "అంత దూరం నుంచి వచ్చిన బిడ్డ. వాళ్ల పద్ధతి మనమెందుకు చెరపల్ల?" అని కూర్చుంది. అలా ఇద్దరూ, ఒకరి ఆచారాన్ని ఒకరు గౌరవిస్తున్నామనుకుంటూ రోజూ పక్కపక్కన తిన్నారు. రాగిముద్దను నమలకుండా మింగడం అమ్మ నేర్పింది. భాష లేకుండా వాళ్లేం మాట్లాడుకునేవారో గానీ, వంటింట్లో నవ్వులు వినబడేవి. ఆ పిల్ల బుగ్గలు నిండాయి. అమ్మవి కూడా నిండాయి. అది మాలో ఎవరూ ఎదురుచూడలేదు.

చివరి నెలలో సంఘంవాళ్లు చామరాజపేటలో వీడ్కోలు సభ పెట్టారు. ఆతిథ్యమిచ్చిన ఇళ్ల అవ్వలందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టారు. మా సందువాళ్లు కూడా వచ్చారు. జర్మనీ పిల్ల ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఒక లెక్చరరు కన్నడంలో చెబుతున్నాడు. బళేపేటలో తాను నేర్చుకున్న అన్నిటికన్నా గొప్ప ఆచారం అంటూ ఆ పిల్ల మొదలుపెట్టగానే పాప నా చొక్కా పట్టుకుంది. "చిన్నాయనా, అయిపాయ. అవ్వకు తెలిస్తే నా ప్రయాణం ఇంతే" అని గొణిగింది. లెక్చరరు మాట పూర్తయ్యేసరికి అమ్మ తల నిదానంగా నా వైపు తిరిగింది. ఆ చూపును వర్ణించడానికి నా దగ్గర కథలు లేవు. లెక్చరరు ముచ్చటపడి మైకు పట్టుకుని అమ్మ దగ్గరికి దిగివచ్చాడు. "నిజమేనా అజ్జీ? నేను ఎక్కడా వినలేదే."

అమ్మ కొంగు సర్దుకుంది. "అవునప్పా. మా అత్త కాలం నుంచి ఉండాది. మీ ఇండ్లల్లో లేదా?"

ముందు వరుసలో అవ్వలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ఎదురింటి అవ్వ ముందుగా తేరుకుని "మా ఇంట్లోనూ ఉండాది" అంది. ఆ తర్వాత లేనివాళ్లు ఎవరూ మిగల్లేదు. అన్నాక ఊరుకుంటే ఎట్లా, ఇళ్లకు పోయి కూర్చోక తప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాప మా నడుమ ఇరుక్కుని కూర్చుంది. బళేపేట మలుపు దగ్గర అమ్మ తీర్మానం చెప్పింది. "పాపను పోనీండప్పా. ఒక బిడ్డ వచ్చి నన్ను కూచోబెట్టి పోతాండాది. మనది పోయి ఎవరిని కూచోబెడ్తాదో చూస్తాం."

పాప వెళ్లింది. ఏడాది ఉంది. అక్కడ ఆ పిల్ల తాతకు చేత్తో తినడం నేర్పిందట. ఆయన ఇప్పుడు ఉడికిన బంగాళాదుంపలకు ఫోర్కు ముట్టడట. ఇది నేను కల్పించింది కాదు. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం అందరం కూర్చున్నాం, అమ్మ కూడా. పాప మాత్రం పళ్లెం ముందుకు రాలేదు. గరిటె పట్టుకుని నిలబడిన మా వదిన దగ్గరికి పోయి, ఆ గరిటె తీసుకుని వాళ్ల నాయన చేతికి ఇచ్చింది.

"వడ్డించేది ఎవరే?" అంది వదిన కంగారుగా.

"నువ్వు కూచోమ్మా" అంది పాప.

మా అన్న లేచాడు. సారు సగం నేల మీద పోశాడు. వదిన తల వంచుకుని తింటోంది. ఇరవై ఏళ్లలో మేమెవరం ఆమె ఏమనుకుంటోందో అడగలేదు. ఆ రోజు అన్న అడిగాడు, ఉప్పు సరిపోయిందా అని. ఆ పీట దాకా రావడానికి మా అమ్మకు ఒక ఆయుష్షు పట్టింది, వదినకు అందులో సగం, ఆమెను కూర్చోబెట్టడం నేర్చుకోవడానికి పాపకు ఒక్క ఏడాది. కాలం అందరికీ ఒకే నడక నడుస్తుందని మా పక్క గడియారాల అంగడాయన అంటుంటాడు. నేను చెప్పిన కథల్లో కూడా అంత నమ్మరానిది లేదు.