బంతి పడిన చోటు

పంటి డాక్టరు గారి గది వెనుక, కిటికీ పక్కన ఒక పొడవాటి బల్ల ఉంది. ఊళ్ళోవాళ్ళ దవడలు ఆ బల్ల మీద తెల్లటి ప్లాస్టరు అచ్చులై వరుసగా కూర్చుంటాయి, ఏదో అడగబోయి ఆగిపోయినట్టు నోరు తెరుచుకుని. ఆ బల్ల ముందు కూర్చునే ఆయన డాక్టరు కాదు, కట్టుడు పళ్ళు తయారు చేసే మనిషి. గులాబీ రంగు మైనంలో ఒక్కో పన్నూ నాటుతాడు, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తాడు, మళ్ళీ పీకి నాటుతాడు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో ఆయనకు తెలుసు. పాల తెలుపు, ఎండిన ఎముక తెలుపు, రోజంతా టీ తాగే మనిషి తెలుపు. ఆ మనుషులను ఆయన ఎప్పుడూ చూడడు. వాళ్ళ నవ్వులు మాత్రం ఆ కిటికీ పక్కనే పుట్టి, చిన్న డబ్బాల్లో సర్దుకుని బయటికి వెళ్తాయి.

రోజంతా కూర్చునే పని. యాభైకి దగ్గరపడేసరికి పొట్ట బల్ల అంచుకు తగలసాగింది. రక్తంలో చక్కెర పెరిగిందన్నారు. అప్పుడు ఆయన భార్య తమ్ముడు ఒక పాత టెన్నిస్ రాకెట్ తెచ్చి సోఫాలో పడేశాడు.

"రేపటి నుంచి నువ్వు నాతో కోర్టుకి వస్తున్నావు బావా."

"ఈ వయసులో ఆయనకి పొట్టి లాగూ ఒక్కటే తక్కువైంది" అంది భార్య.

"చూస్తూ ఉండక్కా. బావని ఆ లాగూలో చూస్తే మళ్ళీ ప్రేమలో పడతావు."

"ఆయన వంగి బంతి తీసేసరికే సాయంత్రమవుతుంది. ఇంక ప్రేమకి టైమెక్కడిదిరా?"

కోర్టు ఎర్రమట్టిది. తడిపి చదును చేసిన మట్టి మీద సుద్దతో గీసిన తెల్లటి గీతలు. బావమరిది అంతటా వినపడేలా "బావా, వంగు! బావా, బంతిని చూడు!" అని అరిచేవాడు. వారం తిరక్కుండా అక్కడ అందరూ ఆయన్ని బావగారు అనడం మొదలుపెట్టారు. తనకంటే పెద్దవాళ్ళు కూడా. అలా ఒక్క బావమరిదితో వెళ్ళిన మనిషికి కోర్టు నిండా బావమరదులు తయారయ్యారు.

మొదట్లో ఆయన రాకెట్ ఊపు చీపురుతో బూజు దులిపినట్టుండేది. బంతులు కంచె దాటి పక్కనున్న కార్ల మెకానిక్ షెడ్డులో పడేవి. చెమటతో తడిసిన బనీనుతో, బయటికి తొంగి చూసే పొట్టతో, షెడ్డు గేటు దగ్గర నిలబడి "బంతి..." అని నసిగేవాడు. మాట పూర్తి చేయకముందే మెకానిక్ బంతి విసిరేవాడు. ఆ విసురు తన కొట్టుడు కంటే తిన్నగా ఉందని గమనించి ఆయన తల దించుకునేవాడు. ఎవరూ రాని పొద్దున వేళల్లో గోడకు కొట్టుకునేవాడు. గోడ ఎవరికీ చెప్పదు కదా.

ఆ రోజుల్లో ఆయనను చేయి పట్టి నడిపించింది లెక్కల టీచరమ్మ. బడిలో పని, ఒంటరి ఇల్లు, ఆయన కంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. పరుగెత్తినట్టే ఉండదు, బంతి ఎక్కడ పడబోతోందో అక్కడ ముందే నిలబడి ఉంటుంది. సాయంత్రాలు తన ఆట అయిపోయాక కూడా ఉండి, వల అవతలి నుంచి ఒకే రకం బంతులు ఓపికగా వేసేది.

"బంతి మీదికి ఎగబడకండి బావగారూ. దాన్ని రానివ్వండి. భుజం తిప్పండి ముందు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే వస్తుంది."

"రావడం లేదండీ."

"వస్తుంది. మా పిల్లలకి భాగహారం వచ్చింది, మీకు ఇది రాదా?"

ఒక సాయంత్రం వచ్చింది. భుజం తిరిగింది, బంతి రాకెట్ తీగల నడిమధ్యకు తగిలింది, చేతికి ఏమీ తెలియలేదు. బరువు లేదు, అదురు లేదు. ఎవరో తన లోపలి నుంచి ఒక పక్షిని వదిలిపెట్టినట్టు బంతి వల దాటి, అవతలి మూలలో, గీతకు జానెడు లోపల వాలింది. టీచరమ్మ దాన్ని కొట్టలేదు. రాకెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి అన్నం తింటూ ఆయన గాల్లో చెయ్యి ఊపుతుంటే భార్య కూర గిన్నె పక్కకు జరిపింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన నిజంగానే మెరుగుపడ్డాడు. బంతి ఎగరేసి సర్వీసు చేయడం వచ్చింది. ఆయాసం తగ్గింది. పొట్ట బల్లను వదిలింది. ఇక మిగిలింది ఆదివారం ఆట.

ఆదివారం పొద్దుటి ఆట ఎప్పుడూ ఆ నలుగురిదే. వాళ్ళలో ఒకాయనకు మోకాలు ఆపరేషనై చోటు ఖాళీ అయింది. అక్కడొక ఆనవాయితీ ఉంది: ఆ చోటు కావాలన్నవాళ్ళు మిగతా ముగ్గురిలో ఒకరి మీద ఒక సెట్ గెలవాలి. ముగ్గురిలో బావమరిది ఒకడు, టీచరమ్మ ఒకరు. ఆయన టీచరమ్మతో ఆడతానన్నాడు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. అక్కడ అంపైరు ఉండడు. తన వైపు పడిన బంతి లోపల పడిందో బయట పడిందో ఎవరిది వాళ్ళే చెప్పాలి. అవతలివాళ్ళకు అనుమానం వస్తే మట్టి మీద బంతి గుర్తు చూపించాలి. చూపిస్తే చాలు. వల దాటి వచ్చి ఎవరూ చూడరు. అలా వచ్చి చూడటమంటే ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే.

ఆ సాయంత్రం ఎండ కోర్టు మీద పలచటి తేనెలా పరుచుకుంది. ఆయన ఎప్పుడూ ఆడనంత బాగా ఆడాడు. అయిదు–నాలుగు. ఇంకొక్క పాయింటు వస్తే సెట్ ఆయనదే. అంతలో టీచరమ్మ పక్కగీత వెంబడి ఒక బంతి కొట్టింది. ఆయన దాటిపోతున్న బంతిని తల తిప్పి చూశాడు. అది గీత మీద పడింది. తెల్లటి సుద్ద చిన్న పొగలా లేచింది. అంత అందమైన బంతిని ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అవుట్" అంది ఆయన నోరు.

"అవుటా?" టీచరమ్మ ఆగింది. "గీత మీద పడ్డట్టు అనిపించిందే. గుర్తు ఉందా బావగారూ?"

"ఉంది" అని ఆయన నడిచాడు. గీతకు నాలుగు వేళ్ళ అవతల, అంతకుముందెప్పుడో పడిన ఇంకో బంతి గుర్తు ఉంది. రాకెట్ కొనతో దాన్ని చూపించాడు. ఎడమ బూటు మాత్రం అసలు గుర్తు మీద పెట్టి నిలబడ్డాడు.

ఆమె ఒక్క క్షణం గీత వైపు చూసింది. కళ్ళు నులుముకుంది.

"మీరు చూశారుగా, చాలు" అని వల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

బావమరిది కంచె ఊగేలా అరిచాడు. ఇంటికెళ్ళి అక్కను కుర్చీలోంచి లేపి మరీ చెప్పాడు. "ఆఖరి బంతి వేలెడు బయట పడిందక్కా. వేరేవాడైతే చూసేవాడే కాదు. పళ్ళ రంగులో తేడా పట్టే కన్ను కదా!" భార్య ఆయన వైపు చూసిన చూపులో చాలా ఏళ్ళుగా కనిపించని మెరుపు ఉంది. ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి ఎడమ బూటు కడిగాడు. ఎర్రటి నీళ్ళు పోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

సిగ్గు ఆయనకు కొత్త కాదు. షెడ్డు గేటు దగ్గర నిలబడినప్పటి సిగ్గు చెమటలాంటిది, నీళ్ళు పోసుకుంటే పోయేది. ఇప్పటిది అలా పోలేదు. పళ్ళ మధ్య ఇరుక్కున్న నలుసులా నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది. నిజంగా ఆడి గెలవగలిగేవాడినే కదా అన్న ఆలోచన అన్నిటికంటే పదునుగా గుచ్చుకునేది. ఆ పాయింటు పోయినా ఇంకో పాయింటు ఉండేది. ఆట ఉండేది.

ఆదివారాలు వచ్చాయి. ఆయన ఆడుతున్నాడు. కానీ టీచరమ్మ ఆట మారిపోయింది. గీతల దగ్గరికి కొట్టడం మానేసింది. తన వైపు పడిన ప్రతి బంతినీ, బయట పడినదాన్ని కూడా, "లోపలే, లోపలే" అని వదిలేస్తోంది. ఒక ఆదివారం ఆట మధ్యలో ఆయన్ని పిలిచింది.

"బావగారూ, నా వైపు గీతలు కూడా మీరే చూసి చెబుతూ ఉండండి. మీ కన్ను మంచిది."

ఆ పొద్దు ఆయన ఒక్క బంతీ సరిగా కొట్టలేకపోయాడు.

ఆట అయ్యాక నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఆమె బెంచీ మీద కూర్చుంది. పక్కన బావమరిది బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు.

"వచ్చే వారం నుంచి నేను రానులెండి. వేరే ఎవరినైనా చూసుకోండి."

"అదేంటి టీచర్ గారూ!" అన్నాడు బావమరిది. "కళ్ళు చూపించుకుంటానన్నారుగా?"

"చూపించాను. కళ్ళకేం లేదన్నాడు డాక్టరు. అదే నా భయం." ఆమె మూత బిగించి, మళ్ళీ విప్పింది. "ఆ రోజు బంతి గీత మీద పడటం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది. సుద్ద కూడా లేచింది. పడని బంతి అంత స్పష్టంగా ఎలా కనిపించింది? కళ్ళు బాగుంటే బుర్రే కదా తేడా. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. లేనివి ఉన్నాయనేది. బోర్డు మీద లెక్క చేసి, ఇప్పుడు రెండుసార్లు సరిచూసుకుంటున్నాను. పిల్లలు గమనించారు కూడా."

ఆయనకు బెంచీ, కంచె, పొద్దుటి ఎండ అన్నీ దూరంగా జరిగినట్టనిపించింది.

"ఆ బంతి లోపలే పడిందండీ" అన్నాడు.

బావమరిది నవ్వాడు. "ఊరుకో బావా. టీచర్ గారిని ఊరడించాలంటే వేరే దారే లేదా?"

టీచరమ్మ కూడా నవ్వింది, జాలిగా. "మీరు మంచివారు బావగారూ. కానీ నాకోసం అబద్ధమాడొద్దు."

మంచివారు. ఆ మాటకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒప్పుకున్నా నమ్మరని ఊహించలేదు.

"ఇది అబద్ధం కాదు. అబద్ధమాడింది ఆ రోజు. మీకు చూపించింది పాత గుర్తు. అసలు గుర్తు మీద నా ఎడమ కాలు పెట్టి నిలబడ్డాను, మీకు కనపడకుండా. సుద్ద లేచింది. నేనూ చూశాను."

"లేచింది కదూ!" ఆమె గభాలున లేచి నిలబడింది. సీసా దొర్లి నీళ్ళన్నీ మట్టిలో పోయాయి. "లేచింది కదూ! నేను చూసింది నిజమే! నిజమే!" ముఖమంతా వెలిగిపోయింది. బావమరిది చెయ్యి పట్టుకుని ఊపేసింది. "నాకేం కాలేదురా అబ్బాయ్!"

తర్వాత ఆ వెలుగు మెల్లగా ఆరింది. ఆమె ఆయన వైపు తిరిగింది. తప్పు చేసిన పిల్లవాడిని చూసే చూపు కాదది. అలాంటి చూపైనా ఆయన సంతోషంగా భరించేవాడు.

"ఇన్ని వారాలు నన్ను చూస్తూనే ఉన్నారు" అంది. "ఇంకేం అనను."

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. దారిలో బావమరిది రెండడుగులు ముందు నడిచాడు. ఇంటి మలుపు దగ్గర, వెనక్కి తిరగకుండానే, "అక్కకి నువ్వే చెప్పు. నా వల్ల కాదు" అన్నాడు. ఆయన చెప్పాడు. భార్య చాలాసేపు బట్టలు మడత పెట్టింది, మడత పెట్టినవే మళ్ళీ.

ఆదివారం ఆటకు ఆయన వెళ్ళలేదు. రాకెట్ మంచం కిందికి పోయింది. కిటికీ పక్కన పళ్ళు నాటుతుంటే, చేతులు పని చేస్తున్నాయి, మనసు ఎక్కడో ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"సాయంత్రం కోర్టు ఖాళీగా ఉంది. రండి" అంది టీచరమ్మ. బావగారూ అనలేదు.

వెళ్ళాడు. పలకరింపులేమీ లేవు. ఆమె మళ్ళీ గీతల దగ్గరికి కొడుతోంది, మునుపటిలా, ధైర్యంగా. ఆయన తన వైపు పడిన బంతులన్నిటినీ "లోపలే" అన్నాడు. గీత దాటి పడినది లోపలే. బాగా దాటి పడినదీ లోపలే. అలా అంటుంటే ఏదో కొంచెం కొంచెంగా తీరుస్తున్నట్టనిపించింది.

ఆమె ఆట ఆపేసింది.

"ఇప్పుడు పడింది బయట."

"లోపలేనండీ."

"మూరెడు బయట. ఇందాకటిదీ బయటే." ఆమె గొంతు పెంచలేదు. "మళ్ళీ అదే పని చేస్తున్నారు. ఒకసారి మీ కోసం, ఇప్పుడు నా కోసం. నాకు దానం వద్దు. చూసింది చెప్పండి."

ఆయన మట్టి వైపు చూశాడు. గుర్తు తాజాగా, స్పష్టంగా, గీతకు చాలా అవతల ఉంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ రోజు ఆలోచించకుండానే జారిన మాట అది. ఈ మాట తన నోట వస్తే ఇక ఎవరూ నమ్మరనిపించింది. కాదు, అనే అర్హత తనకే లేదనిపించింది.

"చెప్పండి" అంది ఆమె. "నేను ఆగుతాను."

కంచె అవతల మెకానిక్ సుత్తి చప్పుడు ఆగింది.

"అవుట్" అన్నాడు ఆయన.

"వినపడలేదు."

"అవుట్!"

"మీ పాయింటు" అని ఆమె సర్వీసు గీత వైపు నడిచింది. నవ్వలేదు. ఆయన చెవులు కాలిపోతుండగా, గెలిచిన ఆ పాయింటును మోసుకుంటూ, తర్వాతి బంతి కోసం అవతలి మూలకు వెళ్ళి నిలబడ్డాడు.