విద్య ఆకు

మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి వెనక వీధిలో ఉండే రిటైర్డ్ నర్సు ఎస్తేరమ్మకు గేటు పక్క కుండీలోని తూజా చెట్టంటే ప్రాణం. నడుమెత్తు కూడా లేని ఆ పచ్చటి చెట్టే ప్రతి క్రిస్మస్‌కూ హాల్లోకొచ్చి నెత్తిన నక్షత్రం పెట్టుకుంటుంది. ఎస్తేరమ్మ పొద్దున్నే నాడి చూసినట్టు కళ్ళు మూసుకుని వేలితో మట్టి తడి చూస్తుంది. ఎండు రెమ్మల్ని తానే తీసేస్తుంది, పచ్చి రెమ్మను మాత్రం ఎవర్నీ తాకనివ్వదు.

మొన్న పరీక్షల ముందు ఎదురింటి చాందిని గేటు సందులోంచి చెయ్యి పెట్టి రెమ్మ తెంపుతూ దొరికిపోయింది.

"యాల తెంపుతాండావే?"

"విద్య ఆకు జేజీ! పుస్తకంలో పెట్టుకుంటే మార్కులొస్తాయి. మేమంతా ఎప్పుడూ ఈడే తెంపుకుంటాం."

తిట్టబోయి ఎస్తేరమ్మ చెట్టు చుట్టూ తిరిగి చూసింది. పిల్లల చేతికందే వీధివైపు, తెంపిన చోటల్లా కొత్త చిగుళ్ళేసి గుబురుగా ఉంది. తాను కాపాడుకున్న ఇంటివైపే పలచగా సాగిపోయింది. ఆమె వంగి కుండీని తిప్పి, పలచటి వైపును వీధికి పెట్టింది.

"పరీక్షలు ఎన్ని ఉండాయి?"

"నాలుగు జేజీ."

"సాలవు. క్రిస్మస్‌లోగా ఇంకో నాలుగు పెట్టమని మీ సారుతో చెప్పు."