బిలాల్ పేరొస్తే విల్లు ఆగేది

హజ్రత్ బిలాల్ పేరు వింటే కండ్లనీళ్ళు పెట్టుకుంటరు. నమాజు వరుసల పక్కన దూది ఏకే మా దూదేకులాయన వచ్చి నిలబడితే మొహం చిట్లిస్తరు. అవును, మిమ్మల్నే అంటున్న.

మా చిన్నప్పుడు... వనపర్తిల మా వసారా నిండ దూది. నాయిన విల్లుతోని దూది ఏకుతుంటే, మా అవ్వ హుస్సేనమ్మ పరుపుల గలేబులు కుడుతూ సహాబాల కథలు చెప్పేది. సహాబాలంటే ప్రవక్తను కలిసి, నమ్మి, ఆ నమ్మకంతోనే కన్నుమూసిన సహచరులు.

ఇంట్ల ఒక పద్ధతుండేది. సహాబా పేరు రాంగనే నాయిన విల్లు ఆపాలె. అందరం "రజియల్లాహు అన్హు" అనాలె... అల్లాహ్ ఆయన పట్ల సంతోషించుగాక అని. అప్పుడే మళ్ళ విల్లు మోగేది.

బిలాల్ కథ మాకు కంఠతా. ఎండల బండరాయి కింద నలిగిన బానిస... నమాజుకు పిలిచే అజాన్ ఇయ్యమని ప్రవక్త ఏరికోరి నిలబెట్టిన మనిషి.

ఒకసారి మా మసీదుల అజాన్ ఇచ్చేటాయనకు జొరమొచ్చింది. నాయిన గొంతు మంచిగుంటది, నేనిస్త అని పోయిండు. పొద్దున్నే బిలాల్ గురించి కండ్లనీళ్ళు పెట్టుకొని చెప్పిన మసీదు పెద్దనే, "దూదేకెటోనివి, నీకెందుకయ్యా అజాన్?" అన్నడు.

నాయిన ఇంటికొచ్చి మూలకు కూసున్నడు. ఆ సాయంత్రం విల్లు మోగలే...

అవ్వ ఊకోలే. దూది అంటిన కొంగే నెత్తిన కప్పుకొని, నన్ను వెంటబెట్టుకొని మసీదు గేటుకాడికి పోయింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, హజ్రత్ బిలాల్ ఇప్పుడొస్తే ఏడ నిలబెడతవు?"

"ఆయనతోని పోలికేందమ్మా... ఆయన సహాబా. రజియల్లాహు అన్హు."

"గా పేరొస్తే మా ఇంట్ల విల్లు ఆగుతది. నీ నోరెందుకు ఆగదు?"

ఆయన తల దించుకున్నడు. "రేపు పంపమ్మా" అన్నడు.

"రేపెందుకు? ఈ రాత్రి ఇషా నమాజుంది గద!"

ఆ పూట మా గల్లీ మీద నాయిన గొంతు... ఇప్పటికీ చెవుల్ల ఉంది.

సహాబాలు ప్రవక్తలు కారు, దేవుళ్ళు అసలే కారు. కానీ ప్రవక్తల తర్వాత వాళ్ళకన్న ముందు వరుస లేదని మన నమ్మకం. ఆ వరుసల వ్యాపారీ, బానిసా భుజానికి భుజం ఆనించి నిలబడ్డరు. మరి మీ వరుసల ఈ సందులేంది?

ఇప్పుడు విల్లు లేదు, మిషనొచ్చింది. మొన్న వనపర్తికి పోయినప్పుడు మాటల్ల బిలాల్ పేరు వస్తే, మా తమ్ముడు టక్కున స్విచ్చు ఆపిండు! అదే మసీదుల ఇప్పుడు వాని కొడుకు అజాన్ ఇస్తుండు. ఎవరింటోనివని అడిగినోళ్ళు లేరు. మారుతరు... మనుషులు మారుతరు.

మిగిలినోళ్ళకు నా డిమాండ్లు:

అజాన్‌కు గొంతు చూడుర్రి, ఇల్లు చూడొద్దు.

సహాబాల పేర్లు తలిచే నోటితోని ఎవరినీ తక్కువ చెయ్యొద్దు.

దూదేకులింటి సంబంధమంటే మొహం తిప్పుకోవద్దు.

ప్రవక్తతోని నడిచిన ఆడోళ్ళ కథలు కూడా పిల్లలకు చెప్పుర్రి.

సహాబాల పేర్లొస్తే మీ ఇంట్ల ఏ పని ఆగేదో... కింద రాయుర్రి.