తెలంగా మా తాతే!

ముందే చెప్పేస్తున్నాను, నా నోట పడితే ఆవగింజ గుమ్మడికాయ అవుతుంది. మీకు తోచినంత తగ్గించుకుని చదవండి.

నా చిన్నప్పుడు జర్మనీలో, జిండెల్ఫింగెన్ ఊళ్ళో మా పక్కింటి అక్క వాళ్ళకు ఒక పతకం ఉండేది. వెండిది, అప్పడమంత. దాని మెరుపుకు ఎదురింటి జర్మన్ ముసలమ్మ పగలే కర్టెన్లు వేసుకునేది. అది వాళ్ళ నాన్నగారి ముత్తాతది. ఆయన విజయనగరం వైపు నుంచి, మీసమైనా రాకముందే తెల్లవాళ్ళ పటాలంలో చేరి, బర్మా సరిహద్దు అడవుల్లో వయసంతా కరిగించి, ఒక కాలు ఈడ్చుకుంటూ హవల్దారుగా ఇల్లు చేరాడు. అక్క ఆ పతకాన్ని బడికి తెస్తే క్లాసంతా లేచి నిలబడింది. మా వంశంలో అందరూ కరణాలే. కరణీకానికి పతకాలెవరిస్తారు? ఆ కుళ్ళుతో నాకు అన్నం సయించలేదు, మారు వడ్డించుకున్నా సరే.

ఆ చలికాలం ఊరంతా ఫ్లూ. అక్క మంచం పట్టింది. పరామర్శ పేరుతో పతకం చూడబోయాను. అక్క వాళ్ళ నాన్న, మా డాక్టరు మామయ్య, మాటల్లో ఒక సంగతి చెప్పాడు. మొదట్లో సిపాయిలుగా చేరినవాళ్ళు తెలుగువాళ్ళు కావడంతో, ఉత్తరాదిలో సిపాయిని 'తెలంగా' అనేవారట. నాకు సందు దొరికింది.

"తెలంగా అంటే తెలుగాయనేగా మామయ్యా? అయితే మాక్కూడా తాతే!"

"నైన్! కాదు, మా తాత!" లోపలి గదిలోంచి దగ్గుతూనే అరిచింది అక్క.

మామయ్య పతకం తీసి నా స్వెట్టర్‌కు గుచ్చాడు. "నీ తాతే లేరా. ఇది తుపాకీ పేల్చినందుకిచ్చింది కాదు. పటాలంలో కలరా పడితే జనం గుడారాలొదిలి పరుగో పరుగట. ఈయన ఉండిపోయి, గంజి కాచి అందరికీ తాగించాడు. మనవడివిగా, కానియ్."

ముక్కుకు రుమాలు కట్టి, చేతిలో గంజి గిన్నె పెట్టాడు. ఒలక్కుండా పట్టుకెళ్ళాను. అక్క తాగి, "ఉప్పు లేదురా, తెలంగా!" అంది. ఆ పిలుపుకు నేనెంత పొడుగయ్యానంటే, వస్తూ గుమ్మానికి తల కొట్టుకున్నాను.

ఇన్నేళ్ళకు కరోనా వచ్చింది. ఒంటరిగా ఉంటున్న అక్కకు పాజిటివ్. ఇవాళ గుమ్మం ముందు గంజి పెట్టి, బెల్లు కొట్టి, దూరం జరిగాను. పై కిటికీలోంచి పతకం ఊపుతూ, "ఉప్పేశావా, తెలంగా?" అంది. ఇన్నేళ్ళయినా ఆ ఉప్పు సంగతి మరవనందుకు ఒళ్ళు మండిపోయింది.

పెంచినవన్నీ మీరు పట్టేసే ఉంటారు. పూర్తిగా కల్పించింది ఒక్కటే, మామయ్య నాకు పతకం గుచ్చడం. ఎంత బతిమాలినా ముట్టుకోనివ్వలేదు. చేతికి గిన్నె మాత్రం ఇచ్చాడు. దాన్ని నేను తిరిగివ్వలేదు. ఇవాళ గంజి పట్టుకెళ్ళిందీ అందులోనే.