పెరిగిన పదకొండు కిలోలు

2021వ సంవత్సరం. మదనపల్లెలో నేను నర్సుగా పనిచేసే ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు జీవితాంతం వాడాల్సిన మందులిచ్చే చోట, పాత మాత్రలు మాన్పించి టీఎల్‌డీ ఇవ్వడం మొదలుపెట్టిన రోజులు. మూడు మందులు కలిపిన ఒకే మాత్ర అది. పాతవాటితో తల తిరుగుతోందనీ, పీడకలలు వస్తున్నాయనీ రోజూ వినీ వినీ విసిగిపోయిన నాకు ఇది దేవుడు పంపిన మాత్రలా తోచింది. దీనికీ ఒక సైడ్ ఎఫెక్ట్ ఉంది: కొందరు ఒళ్ళు చేస్తారు. దాన్ని నేను సైడ్ ఎఫెక్ట్ కింద ఎప్పుడూ జమకట్టలేదు.

ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చూసినవాళ్ళంతా ఎముకల మీద తోలు మిగిలినవాళ్ళే. మా దగ్గర బరువు మిషన్ ముల్లు ఒక గీత ముందుకు కదిలితే పండగే. కిలో పెరిగితే చాలు, "శభాష్" అని వరండాలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా అరిచేదాన్ని.

మంజుల అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. చౌడేపల్లె దగ్గరి పల్లె. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఇంట్లో అత్త, చిన్న కూతురు, రెండు పాడి ఆవులు. భర్త పోయి రెండేళ్ళయింది. కామెర్లతో పోయాడని ఊరు అనుకుంది. అసలు జబ్బు మంజులకే తెలుసు. "ఆయన పేరు చెడిపోతాదమ్మా. మా అత్తకు తెలీకూడదు" అని మొదటి రోజే నా దగ్గర మాట తీసుకుంది. దగ్గర్లోని పుంగనూరులో అయితే ఎవరైనా చూస్తారని మదనపల్లె దాకా వచ్చేది.

టీఎల్‌డీ మొదలుపెట్టి ఏడాది తిరిగేలోపు నలభై ఒక్క కిలోల మనిషి యాభై రెండుకు వచ్చింది. ఆ రోజూ అరిచాను. తను మిషన్ మీద నుంచి దిగలేదు.

"మాత్ర మార్చేదానికి అయితాదామ్మా?"

"యాల? వాంతులేమన్నా అయితాండాయా?"

"లేదమ్మా. పొట్ట వస్తాండాది."

"రానీ! తిన్నది ఒంటికి పట్టిందని సంతోషపడు" అని నవ్వేసి తర్వాతి మనిషిని పిలిచాను. మంజుల కూడా నవ్వింది. కొంగు పొట్టమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

తర్వాత రెండు విడతలు మందులకు రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. ఇంటికి మనిషిని పంపొద్దని తనే రాసిచ్చింది కాబట్టి ఎవరినీ పంపలేదు.

ఆరేడు నెలలకు కుప్పంలో ఉండే వాళ్ళన్న కారు మాట్లాడుకుని తీసుకొచ్చాడు. బరువు ముప్పై ఆరు. ఊపిరితిత్తుల నిండా టీబీ. ఆసుపత్రిలో చేర్చుకున్నాక మంచం పక్కన కూర్చుని, మాత్రలు యాల మానేశావని అడిగాను.

"మొగుడు లేనిదానికి కడుపెట్ల వచ్చిందని పాలకేంద్రం కాడ నవ్వినారమ్మా. మా అత్త పుంగనూరుకు పిలుచుకపోయి పరీక్ష చేయించింది. ఏమీ లేదని వచ్చినా నమ్మలే. బిడ్డను నా పక్కన పండుకోనీలే. మాత్ర మానేస్తే పొట్ట తగ్గుతాదని…"

"మాత్ర వల్ల లావైనానని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదమ్మా?"

"ఏం మాత్రని అడుగుతారు కదా." కాసేపు ఆయాసపడి, "ఇప్పుడు ఎవురూ ఏమీ అనడంలే" అంది.

నాకు సిగ్గేసింది. మిషన్ మీద నిలబడి తను చెప్పబోయింది ఇదే. డాక్టరుతో మాట్లాడి మాత్ర మార్చే వీలుందేమో చూడాల్సింది. తిండి సంగతి చెప్పాల్సింది. ఏదీ కాకపోయినా, మాత్ర మాత్రం మానొద్దని చెప్పాల్సింది. నేను నవ్వి పంపేశాను.

తొమ్మిదో రోజున చనిపోయింది. అన్న కుప్పానికి తీసుకుపోయే ఏర్పాట్లలో ఉండగా అత్త వచ్చింది. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను పక్కకు పిలిచింది.

"కడుపు కాదు కదమ్మా?"

"కాదమ్మా. ఎప్పుడూ కాదు."

"మరి యాల లావైందమ్మా అది?"

జవాబు నాకు తెలుసు. మంజులకు ఇచ్చిన మాట కూడా గుర్తుంది. కడుపు కాదమ్మా అని మాత్రం మళ్ళీ చెప్పాను. ఆ ముసలామె నేల మీద కూలబడి, "బిడ్డను దూరం పెడితినే" అని తల బాదుకుంది.

మా సైడ్ ఎఫెక్టుల ఫారంలో వాంతులకు, నిద్ర పట్టకపోవడానికి, తల తిరగడానికి గళ్ళున్నాయి. ఊరి మాటలకు గడి లేదు. అందుకని ఇప్పుడు మిషన్ దగ్గర నేను అరవడం లేదు. బరువు రాసుకుని, తలుపు మూసి, "నీ ఒళ్ళు చూసి మీ ఊర్లో ఏమంటాండారమ్మా?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు కొంగు పొట్టమీదికి లాక్కుంటారు. అప్పుడు తర్వాతి మనిషిని పిలవను.